తలుపు వెనక కట్టె

మందమర్రి చర్చి నుంచి పాస్టరు గారు ఫోన్ చేశారు. కొత్త కమిటీలో అంతా కుర్రవాళ్లేనట, నాయకుడంటే ఎలా ఉండాలో వచ్చే ఆదివారం నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఏ కథ చెప్పినా మీ ఇష్టం టీచరమ్మా. మీ బాపు దావీదు గురించి మస్తు చెప్పెటోళ్లట" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసేసరికి వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి.

మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆ ఊళ్లోనే బొగ్గుబాయిలో సర్దార్. కార్మికులకంటే ముందు లోపలికి పోయి, పొడుగాటి కట్టెతో పైకప్పును తట్టి, చప్పుడు వినడం ఆయన పని. కప్పు గట్టిగా ఉంటే ఖణేల్‌మంటుంది, డొల్లగా ఉంటే మొద్దు చప్పుడొస్తుంది. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు అడుగుపెట్టాలి. ఆదివారం చర్చిలో పాఠం చెప్పేదీ ఆయనే. పాత నిబంధనలోని మంచివాళ్లతో ఆయనకు పని లేదు, తప్పుచేసిన పెద్దలే కావాలి. జుట్టు కత్తిరించాక బలం పోయిన సమ్సోను కథ వస్తే, "ఎంటికలు పోతే పోయినయ్, తెలివి ఎటు పోయింది?" అని గద్దించేవాడు. మోషే మీద మరీ కోపం. నీళ్ల కోసం బండతో మాట్లాడమని దేవుడు చెబితే మోషే కోపంలో కట్టెతో కొట్టాడు, ఆ ఒక్కదానికే వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేకపోయాడు. "కట్టె చేతిల ఉండంగనే కాదు, ఎన్నడు కొట్టాల్నో ఎర్కుండాలె" అనేవాడు బాపు, ఆ విషయంలో మోషే కంటే తనే నయమన్నట్టు. అవ్వ అని పిలిచే మా అమ్మా, నేనూ నవ్వు ఆపుకునేవాళ్లం.

ఒక శనివారం పొద్దున, మర్నాటి పాఠం రాసుకుంటూ బాపు వేళ మరిచిపోయాడు. చాయ్ కూడా తాగకుండా సైకిలెక్కాడు. నేనప్పుడు పదో తరగతి. మధ్యాహ్నం బాయిలో కప్పు కూలిందని వాడంతా ఉరికింది. బాపు కింద పనిచేసే పక్క క్వార్టర్ మామకు ఎడమ కాలు మోకాలి దాకా పోయింది. నేను చెప్పుల కోసం తలుపు వెనక చేయి పెడితే బాపు కట్టె తగిలింది. అవ్వా చూసింది. దాన్ని తీసి మంచం కిందికి తోసింది. కట్టె మరిచిపోతే బాపు ఇంకో సర్దార్ కట్టె అడగొచ్చు కదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అడగడం నామోషీ అనిపించి ఉంటుంది. విచారణలో మాత్రం, తాను కప్పు తట్టే చూశానని, మామే మాట వినకుండా ముందుకు పోయాడని చెప్పాడు. బాపు అబద్ధమాడడని అందరూ నమ్మారు.

కొన్ని నెలలకు మామ చంకకర్రలతో చర్చికి వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజు పాఠం దావీదు. సైన్యమంతా యుద్ధానికి పోతే రాజు ఇంటిపట్టున ఉండి మిద్దె మీద తిరగడం దాకా బాపు బాగానే చెప్పాడు. ఆ తర్వాత, పరాయి భార్యను చేరిన తన తప్పు కప్పుకోవడానికి, ఆమె భర్త, తనను నమ్మిన సిపాయి ఊరియాను చావుకు పంపడం రావాలి. బాపు రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. అప్పట్నుంచి ఏ ఏడైనా ఆ ముక్క లేకుండానే దావీదు కథ నడిచింది. మోషే అసలే రాలేదు. బాపు పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు.

ఆదివారం నేనుండే సుల్తానాబాద్‌లో బస్సెక్కి మందమర్రి పోయాను. మామ తల ముగ్గుబుట్ట అయింది, కూర్చున్నది మాత్రం ఆ ముందు బల్ల మీదే. ఊరియా దగ్గరికి వచ్చాక నేను పేజీ తిప్పలేదు. "ఆ రోజు మా బాపు కప్పు తట్టలే. కట్టె మా ఇంట్ల తలుపు ఎనకనే ఉండె. నేను చూసిన" అన్నాను. కుర్రవాళ్లు ఫోన్లు పక్కన పెట్టారు.

అయిపోయాక మామ నా చేయి పట్టుకున్నాడు. "నాకెర్కే బిడ్డా. మీ బాపు ఉత్త చేతులతోని దిగుడు నేను సూశిన. సర్దార్ సరే అన్నడని పోయిన. నేను జెప్తే ఎవలు నమ్ముతరు? ఎన్నడన్న ఆయన నోట్లెకెల్లనో, ఆయన ఇంటోళ్ల నోట్లెకెల్లనో నిజం వస్తదని గీ ముందటి బల్ల ఇడువలే."

నేను చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం కోసం మామ ముప్పై రెండేళ్లు అక్కడ కూర్చున్నాడు.