మామ్మగారి కిర్రు చెప్పులు

మా పక్కింటి మామ్మగారు పోయిన సంగతి నాకు మా అమ్మాయి చెప్పింది. అందులో వింతేముంది అనుకుంటారేమో, ఉంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క మేపుల్ చెట్టే అడ్డం. మా అమ్మాయి ఉండేది ఆన్ ఆర్బర్‌లో, కాలేజీ డార్మ్‌లో. అయినా మామ్మగారి కొడుకు హాస్పిటల్ నుంచి ముందు దానికి ఫోన్ చేశాడు. అది నాకు చేసింది. శనివారం పొద్దున్న, ఇడ్లీకి పప్పు కడుగుతున్నాను.

"అమ్మా, మామ్మ ఎల్లిపోయింది" అంది. తరవాత ముక్కు ఎగబీల్చి, "ఇంట్లో ఆముదం ఉందా?" అని అడిగింది.

"ఆముదమెందుకే ఇప్పుడు?"

"వచ్చాక సెప్తాను."

సెప్తుందట! నా కడుపున పుట్టిన పిల్ల, నేను బోర్డు మీద రాసి దిద్దించిన పిల్ల, "చెప్తాను" అనలేదు. పోయిన మనిషి కోసం ఏడవాలో, ఉన్నదాని నోటి నుంచి ఇంకా ఆవిడే మాట్లాడుతున్నందుకు ఉడుక్కోవాలో నాకు తెలియలేదు. రెండూ చేశాను.

మన తెలుగు సంఘం పత్రికకు ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. కానీ ముందు నా సంగతి చెప్పేస్తే మనసు తేలికపడుతుంది. పదేళ్ళు ఆ మామ్మగారిని చూసి నేను కుళ్ళుకున్నాను. ఈర్ష్య అనండి, కడుపుమంట అనండి, ఏ పేరైనా నాకు అభ్యంతరం లేదు.

పందొమ్మిది వందల డెబ్భైల చివర్లో వచ్చారావిడ, శ్రీకాకుళం వైపు నుంచి. కొడుకు కార్ల కంపెనీలో ఇంజినీరు. వచ్చిన వారానికి పలకరింపుకని మా ఇంటికి వచ్చారు. ఊలు మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. మేజోడుని బొటనవేలి దగ్గర లోపలికి నొక్కి చెప్పు పట్టీ దూర్చుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, కొంగులోంచి ఒక పాత తువ్వాలు ముక్క తీసి, ఒక్కో చెప్పు అడుగునా శ్రద్ధగా తుడిచారు. ఆహా, ఎంత శుభ్రం అనుకున్నాను. తుడిచిన చెప్పులతో తిన్నగా నా మీగడరంగు కార్పెట్ మీదికి నడిచి వచ్చేశారు.

"మామ్మగారూ, చెప్పులు..." అన్నాను.

"తుడిసీసినాను కదా తల్లీ" అని సోఫాలో కూర్చున్నారు.

మన ఇళ్ళలో చెప్పులతో లోపలికి వచ్చేది ప్లంబరు ఒక్కడే. నేను నోరు మూసుకున్నాను గానీ, ఆవిడ వెళ్ళాక వాక్యూమ్ తీసుకుని రుసరుసలాడుతూ ఇల్లంతా తోశాను. తరవాత గమనించాను, ఎవరింటికి వెళ్ళినా అంతే. తువ్వాలుతో తుడవడం, నడిచి వచ్చెయ్యడం. దేవుడి గది ముందు మాత్రం విప్పేవారు. "దేముడికి ఇప్పుతాను. మనిసికి ఇప్పను" అనేవారు. అదేం పిచ్చో అనుకునేదాన్ని.

అప్పటికి నేను మా బేస్‌మెంట్‌లో ఆదివారాలు తెలుగు క్లాసు నడుపుతున్నాను. పదకొండు మంది పిల్లలు. అట్టల మీద అక్షరాలు నేనే రాసి రంగులు వేశాను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది. బతిమాలాను, బెదిరించాను, ఐస్‌క్రీమ్ ఆశ పెట్టాను. "ఐ అండర్‌స్టాండ్, మామ్, ఐ జస్ట్ డోంట్ టాక్ ఇట్" అనేది. మా ఆయన "పోనీలే, ఇంటి భాష ఎక్కడికి పోతుంది" అనేవారు. ఆయనకేం, చెప్తారు.

ఆ యేడు నాకు పార్ట్‌టైమ్ ఉద్యోగం వచ్చింది. స్కూలు బస్సు దిగాక అమ్మాయి నేను వచ్చేదాకా మామ్మగారి దగ్గర ఉండేది. మూడు నెలలు గడిచాయేమో. ఒకరోజు ఇంటికి వచ్చి, నేను ఏదో చిరాగ్గా చూస్తుంటే, నడుం మీద చెయ్యి పెట్టుకుని అమెరికా యాసలో అంది కదా: "ఏటమ్మా, అలగ సూస్తావేటి?"

మా ఆయన పేపరు కింద పడేసి పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళో ఎదురుచూసిన తెలుగు మాట! అది నా మాట కాదు. తొమ్మిది నెలలు మోసి కన్నది నేను, మాట నేర్పింది ఇంకొకరు. "అలా చూస్తావేమిటి అనాలమ్మా" అని దిద్దాను. "మామ్మ అలగే అంటాది" అంది. ఇంక దానికి అప్పీలు లేదు.

నా కర్మ చాలక, క్లాసుకి కూడా రమ్మని మామ్మగారిని నేనే పిలిచాను. పిలవకపోతే బాగుండదని. ఆవిడ మెట్ల మీద కూర్చున్నారు, చెప్పులతోనే. పది నిమిషాల్లో పిల్లలంతా నా అట్టలకు వీపు పెట్టి మెట్ల వైపు తిరిగారు.

"మామ్మా, నువ్వు షూస్ ఎందుకు తియ్యవు? ఆంటీ నీ మీద యెల్ చెయ్యదా?" అని ఒక పిల్లాడు అడిగాడు. ఆ అరిచే ఆంటీని నేనే.

అప్పుడు చెప్పారావిడ. "మా ఊళ్ళో దివాణం ఉండీది. దివాణమంటే జమీందారు మేడ. దాని ముందు నుంచి ఎల్లీవోళ్ళు ఎవులైనా చెప్పులు ఇప్పి సంకలో పెట్టుకోవాల. గొడుగు ముడిసీయాల. ఎండైనా అంతే, వానైనా అంతే."

"వాడు కింగా?"

"రాజేటి నాయనా! తెల్లదొరకి శిస్తు వసూలు సేసిపెట్టీ గుమస్తా. మా నెత్తి మీద మాత్రం రాజే. ఆడోళ్ళం దివాణానికి వెట్టి సెయ్యాల. వడ్లు దంచాల, పేడ ఎత్తాల. కూలి నేదు."

పిల్లలు ఆలోచనలో పడ్డారు. "అంటే అలవెన్స్ ఇవ్వకుండా ఇంటి చోర్స్ చేయించడమా?" అంది ఒక పిల్ల.

"అదే తల్లీ, సరిగ్గా అదే!"

రైతులు సంఘం పెట్టుకున్నారట. వెట్టి చెయ్యం, పెంచిన శిస్తు కట్టం అన్నారట. పోలీసులు వచ్చి మగవాళ్ళని పట్టుకుపోయారు. అప్పుడు నలభై మంది ఆడవాళ్ళు కూడబలుక్కుని చెప్పులు కుట్టించుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక చెప్పు తొడగని కాళ్ళు అవి. మామూలువి వద్దు, నడిస్తే కిర్రు కిర్రుమనేవి కుట్టమన్నారట. "వాడికి ఇనబడాల కదా!" అన్నారు మామ్మగారు. ఆ చెప్పులు తొడుక్కుని అందరూ దివాణం మీదికి బయల్దేరారు. కొత్తవి కదా, కరిచాయి. నలభై మందీ కుంటుకుంటూ నడిచారు. "కొత్త చెప్పు కరుస్తాది. కరిసినన్నాళ్ళూ నడిస్తేనే అది మనదవుతాది" అనేవారు. మా అమ్మాయి ఆ మాట లెక్కల హోంవర్కుకి కూడా వాడేది.

కథ అయ్యాక పదకొండు మందీ పైకి పోయి స్నో బూట్లు తొడుక్కుని వచ్చి, "కిర్రు కిర్రు" అని అరుస్తూ నా బేస్‌మెంట్‌లో ఊరేగింపు తీశారు. నా అక్షరాల అట్టల్లో "ఋ" ఆరోజు తొక్కుళ్ళలో నలిగిపోయింది.

ఆ వారమే గిన్నెలు తుడవమంటే మా అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. "ఇది వెట్టి. నాను సెయ్యను." చూశారా! తల్లిని, పంతులమ్మని, చివరికి జమీందారుని కూడా నేనే అయ్యాను. మామ్మగారికి చెబితే నవ్వి, "ఒలే గుంటా, తిన్న కంచం కడిగితే వెట్టి కాదే. పక్కోడు తిన్నది కడిగితే వెట్టి" అన్నారు. అది పరుగున వచ్చి గిన్నెలు తుడిచింది. నేను చెబితే కాదు, ఆవిడ చెబితే. ఇంకా మండింది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

ఆవిడ కథ ఎన్నిసార్లు చెప్పినా దివాణం గేటు దగ్గరే ఆగిపోతుందని నేను కనిపెట్టాను. ఇలాంటివి కనిపెట్టడానికి ప్రేమ అక్కర్లేదు, కుళ్ళు చాలు. రెండేళ్ళు పోయాక ఒక ఆదివారం పిల్లలందరి ముందూ అడిగాను. "ఆ తరవాతేమైంది మామ్మగారూ? ఇంతకీ మీరు చెప్పులతో గేటు దాటారా?" గొంతులో తేనె పూసుకునే అడిగాను. ఆవిడ నా వైపు చూశారు. మోకాలు రుద్దుకున్నారు. "పొద్దుపోయింది, పిల్లలకి ఆకలేస్తాది" అని లేచి వెళ్ళిపోయారు. మా అమ్మాయి నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు. ఆరోజు రాత్రి అది నాతో అన్నం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు, ఏ భాషలోనూ.

మర్నాడు మధ్యాహ్నం మామ్మగారు వచ్చారు. చెప్పులు తుడుచుకుని వంటింట్లో కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. తాగలేదు.

"గుంటలందరి ముందూ అడిగీసినావు. ఎలగ సెప్పగల్ను?" అన్నారు. "గేటు కాడ గుర్రాల మీద పోలీసులున్నారు తల్లీ. ముందు నాను, నా తోడికోడలూ. దివాణం బంట్రోతు ఉన్నాడే, ఆడు నన్నేటీ అన్లేదు. నా కాళ్ళకేసి సూసినాడంతే. నా సేతులు వాటంతట అయ్యే కిందికెల్లిపోనాయి. చెప్పులు ఇప్పీసినాను. సంకలో పెట్టీసుకున్నాను. నన్ను సూసి ఎనకోళ్ళూ ఇప్పీసినారు. నా తోడికోడలొక్కర్తీ ఇప్పనేదు. కిర్రు కిర్రుమంటా గేటుదాకా ఎల్లింది. దాని కాలు ఇరగ్గొట్టినారు. బతికినన్నాళ్ళూ కుంటింది. నన్నొక్క మాటన్లేదు. అనుంటే బాగుండీది."

"ఆ చెప్పులు?" అన్నాను.

"పెట్లో ఉన్నాయి. కొత్తగానే ఉన్నాయి. అవి తొడుక్కునీ మొహం నాకేదీ?" కాఫీ గ్లాసు పక్కకి జరిపి అన్నారు, "చెప్పు ఇప్పడం అలవాటైపోతే తల దించడం దానంతటదే వచ్చీస్తాది తల్లీ. అందుకే మనిసి ముందు మరెక్కడా ఇప్పను. నీ తివాసీ పాడైపోతందని తెలుసు. ఏటీ అనుకోకు."

అప్పుడు నేనేమనుకున్నానో నిజం చెబుతున్నాను. సిగ్గుపడ్డాను, అవును. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను కూడా. కానీ ఆ ఏడుపు అడుగున ఒక సంతోషం ఉంది. ఈ సంగతి నా ఒక్కదానికే తెలుసు! మా అమ్మాయికి కథ చెప్పారు, నాకు నిజం చెప్పారు. ఎనిమిదేళ్ళు ఆ రహస్యాన్ని లాకర్‌లో నగలా దాచుకున్నాను. ఆ పిల్ల "మా మామ్మ" అన్నప్పుడల్లా లోపల్లోపల, నీకేం తెలుసులే అనుకునేదాన్ని. ఆ రహస్యమంటే నాకంత మురిపెం. ఆ రోజు నుంచి కార్పెట్ గురించి మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇక మొన్నటి సంగతి. ఫ్యూనరల్ హోమ్‌లో అందరం బూట్లతోనే నిలబడ్డాం. మామ్మగారిని పట్టుచీర కట్టి పెట్టెలో పడుకోబెట్టారు. పైసగం మూత తెరిచి ఉంది, కింది సగం వేసేశారు. కాళ్ళు కనబడవు. మా అమ్మాయి పొద్దున్నే వచ్చి, మా ఇంట్లో ఉన్న ఆముదం సీసా తీసుకుని పక్కింటికి పోయింది. ఇప్పుడు చేతిలో తువ్వాలు చుట్టిన మూటతో వచ్చి, అక్కడ పనిచేసే, సూటు వేసుకున్న తెల్లాయన్ని కింది మూత కూడా తియ్యమని అడిగింది. మూట విప్పింది. మామ్మగారు ఇన్నేళ్ళూ దాచుకున్న తోలు చెప్పులు. ఆముదం పట్టించి నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"చెప్పులేమిటమ్మా, ఇది అపచారం!" అన్నారొక పెద్దాయన. నా వైపు తిరిగి, "నువ్వైనా చెప్పమ్మా నీ కూతురికి" అన్నారు. మామ్మగారి కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ నన్నే చూస్తున్నారు.

నేను దాన్ని పక్కకి లాక్కెళ్ళాను. ఎనిమిదేళ్ళ నగ బయటికి తీశాను. "నీకు తెలియదే. ఆరోజు ఆవిడ ఆ చెప్పులు..."

"ఇప్పేసింది. తెల్సమ్మా" అంది.

"ఎవరు చెప్పారు?"

"మామ్మే. నాకు నైన్ ఇయర్స్ అప్పుడు. మీ యమ్మకి సెప్పకు, ఆవిడ పంతులమ్మ, నన్ను తప్పు పట్టేస్తాది అంది." కళ్ళు తుడుచుకుంది. "అందుకే కదా అమ్మా. ఈసారి ఇప్పకుండా ఎల్లాలి కదా."

అబద్ధమెందుకు, ఆ క్షణంలో కూడా కుళ్ళుకున్నాను. అన్నీ దానికే ముందు. నన్ను చూసి భయపడిందట ఆ మనిషి, పోలీసు గుర్రాలు చూసిన మనిషి! ఏ బంట్రోతు చూపు చూశానో నేను, ఆవిడ కాళ్ళ కేసి, ఆ మొదటిరోజు నా కార్పెట్ మీద.

వెనక్కి వెళ్ళి పెద్దాయనతో, "తప్పుకోండి బాబాయిగారూ" అన్నాను.

ఎడమకాలికి మా అమ్మాయి తొడిగింది. కుడికాలి చెప్పు నేను తీసుకున్నాను. ఇన్నేళ్ళకి తోలు బిగుసుకుపోయి ఉంది. పట్టీలో బొటనవేలు దూరడం లేదు. వంగి, రెండు చేతులతో నెట్టాను.

"మెల్లగా అమ్మా" అంది మా అమ్మాయి నా భుజం పట్టుకుని. "కొత్తయ్యి. కరుస్తాయి."

మెల్లగానే నెట్టాను. వేలు లోపలికి వెళ్ళింది. చెప్పు కిర్రుమంది.