రాజును దూకనివ్వని కంప్యూటర్

నేను ఎనిమిదో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి. అయినా కళ్యాణదుర్గంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే రోజుల్లో నాకొక పదవి దక్కింది. నెట్‌లో చదరంగం ఆడే తెలుగువాళ్ళ గది ఒకటి ఉండేది. కొత్తగా వచ్చేవాళ్ళను పలకరించి కూర్చోబెట్టే పని నాకు అప్పగించారు. నోరు ఎక్కువని ఇచ్చారు, తెలివి ఎక్కువని కాదు.

ఆ పని పగవాడికి కూడా వద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి ‘రండి, ఆడదాం’ అంటే, వచ్చినాయన ‘మీరు ఆడా మగా’ అని అడిగేవాడు. మగ అనగానే మాయం. ఇంకొకాయన మంత్రి పోయిన మరుక్షణం ‘కరెంటు పోయింది’ అని టైపు చేసి మరీ వెళ్ళిపోయేవాడు. కరెంటు లేకుండా ఎట్లా టైపు చేశాడో అడుగుదామంటే మనిషి ఉండడు. రోజూ నేను విస్తరి వేయడం, వాళ్ళు లేచిపోవడం.

మా సెంటరుకు ఎదురుగా టైలరు మామ అంగడి. ఆయనకూ, పక్క అంగట్లో మోటార్లు రిపేరు చేసే ఆయనకూ మధ్యాహ్నం ఒక చదరంగం ఆట పడకపోతే అన్నం అరిగేది కాదు. వానల్లేక బోర్లు ఎండిపోయాయి. బోర్లే ఎండితే కాలిపోవడానికి మోటార్లెక్కడివి? మోటార్లాయన బెంగళూరు వెళ్ళిపోయాడు. మామ చదరంగం పలక ముందరేసుకుని రెండు వైపులా తానే ఆడుకునేవాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

“మా సెంటర్‌కు రా మామా. ప్రపంచమంతా ఆడ కూచోనుండాది” అన్నాను.

“ప్రపంచం నాకెందుకప్పా? ఒక మనిషి చాలు.”

తీసుకొచ్చి కూర్చోబెట్టాను. అవతల విశాఖపట్నం బ్యాంకు ఉద్యోగి ఒకాయన. మొదటి ఎత్తులోనే ఆయన బంటు రెండు గళ్ళు నడిచింది.

“దొంగాట. బంటు ఒక గడే కదా పోవాల్సింది” అన్నాడు మామ.

“ఈడ రెండు పోవచ్చు మామా.”

“ఎవురు చెప్పినారు?”

కాసేపటికి మామ రాజును గుర్రంలా దూకించబోయాడు. మా వైపు ఆటలో రాజుకు ఆ హక్కుంది. చెక్ పడకముందు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. కంప్యూటర్ ఒప్పుకోలేదు. మామ ఎన్నిసార్లు లాగినా రాజు తిరిగి ఇంటికే వచ్చాడు.

“ఏమప్పా, నీ మౌస్ చెడిపోయిండాదా?”

నేను సంగతి చెప్పేలోగా విశాఖ ఆయన ఏదో కొట్టాడు. ఏమంటాండాడని మామ అడిగితే చదివి వినిపించాను: ‘ముందు ఆట నేర్చుకుని రమ్మనండి.’

మామ లేచాడు. “గడ్డం తెల్లబడిందాకా ఆడినా. ఇప్పుడు నేర్చుకోవాలంట.” అంగట్లోకి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

మామ ఇక రాడు. మళ్ళీ రెండు వైపులా తానే ఆడుకుంటాడు. అది తలచుకుంటే నాకు ఒళ్ళు మండింది. విశాఖ ఆయనకు రాశాను: ‘సార్, మీరు మా ఇంటికొస్తే చెప్పులు ఎక్కడ విడవాలో చూపిస్తాం కానీ తిట్టం కదా. ఒక్క ఆట మా పద్ధతిలో ఆడండి. మీరక్కడ పలక పెట్టుకోండి, మేమిక్కడ పెట్టుకుంటాం. ఎత్తులు టైపు చేసుకుందాం.’

ఈయనకూ కరెంటు పోయిందనుకున్నాను. తర్వాత జవాబు వచ్చింది: ‘మా తాత కూడా రాజును దూకించేవాడు. ఆదివారం ఆడదాం.’

బతిమాలి తీసుకొచ్చాను మామను. కీబోర్డు పక్కన ఆయన పలక. ఆయన ఎత్తు వేస్తే నేను గడి పేరు కొట్టేవాణ్ణి. రాజు దూకాడు. అవతలి నుంచి ‘బాగుంది మామా’ అని వచ్చింది.

“మామ అని ఆయప్పే అన్న్యాడా, నువ్వు కలిపినావా?”

“ఆయప్పే.”

మామ గడ్డం గోక్కున్నాడు. ఆట గెలిచాడు. పలక పక్కకు జరిపి, “ఇంగ ఆయప్ప పద్ధతిలో ఒకటి ఆడదాం. లేకుంటే బాగుండదు” అన్నాడు.

ఈసారి కంప్యూటర్ మీదే ఆడారు. మామ కూడా సరదాపడి బంటును రెండు గళ్ళు నడిపాడు. పక్క గడిలో ఉన్న అవతలి బంటు ఐమూలగా జరిగి, దాటిపోయిన మామ బంటును ఎత్తేసింది.

“నిలబెట్టు ఆట. నా బంటు యాడికి పోయింది?”

రెండు గళ్ళు నడిచి పక్కకొచ్చిన బంటును, ఒక గడే నడిచినట్టు లెక్కేసి వెంటనే ఎత్తేయొచ్చనే నియమం వివరించాను. మళ్ళీ వివరించాను.

“ఈ రూలు పెట్టినోడు నా అంగట్లో ఉండింటే జాకెట్టుకు చేతులు వీపు మీద కుట్టింటాడు” అన్నాడు మామ. కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు. “ఆయప్పను అడుగు, వచ్చే ఆదివారం ఖాళీనా అని.”