రుచి చూడటం తినడం కాదనుకున్నాను

కంటి డాక్టరమ్మ నా రిపోర్టు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇంత షుగర్‌తో నేను కన్ను ముట్టుకోనండి, తగ్గించుకుని రండి" అంది. అలా అనడం అది రెండోసారి. మొదటిసారి తలూపి వచ్చేశాను. రెండోసారి మాత్రం ఒళ్ళు మండింది. నేను నోరు కట్టుకుని బతుకుతున్న మనిషిని. టీలో పంచదార వేసుకోను. పెళ్ళిళ్ళలో లడ్డూ వడ్డిస్తే పక్కవాడి విస్తట్లో వేసేస్తాను. అదే ఆవిడకి చెప్పాను. "స్వీటన్నది నా నోట్లోకి వెళ్ళి రెండేళ్ళయిందండీ" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు నిజంగా తెలియదు.

నాది అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు బెల్లం దిమ్మలు తెచ్చి నా కొట్టు ముందు దింపుతారు. ఏది మొదటి రకం, ఏది రెండో రకం అన్నది నేను చెబుతాను, ఆ మాట మీద కొనేవాళ్ళు కొంటారు. చెప్పేది ముఖ్యంగా రంగును బట్టి. కాబట్టి కళ్ళున్నంతకాలమే నాకు కొట్టు. ఆ కళ్ళలో శుక్లాలు వచ్చాయి. శుక్లాలంటే మసక అనుకుంటారు గానీ నాకు ముందు రంగులు మారిపోయాయి. లోకమంతా పల్చటి టీ డికాషన్లోంచి చూస్తున్నట్టుండేది. ఉతికిన చొక్కా మాసినట్టు, మంచి బెల్లం మాడినట్టు కనిపించేది.

మా ఆవిడ అన్నయ్య, మా బావ, దేవరాపల్లి దగ్గర చెరకు పండిస్తాడు. రెండో రకం బెల్లం తీసి ఎరగని మనిషి. ఆ ఏడాది అతను తొలి దిమ్మలు తెచ్చినప్పుడు నేను వాటిని చూసి రెండో రకం అన్నాను. నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, "నీ ఇష్టం బావా" అని ఊరుకున్నాడు. అలా ఊరుకోవడమే నన్ను చాలా రోజులు తినేసింది. కన్ను బాగుపడకపోతే నేను ఇలాగే అందరి కష్టాన్నీ ఒక మెట్టు దించి చెబుతూ పోతాను. ఈ సంగతి రైతులకి తెలిస్తే నా కొట్టు ముందు బండి ఆగదు. తెలియకపోతే అది ఇంకా పాపం.

డాక్టరమ్మ మొదటిసారి వెనక్కి పంపినప్పుడు నేను చేసుకున్న వైద్యం పూర్తిగా సొంత తెలివి. సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, షుగర్ ఉన్నవాళ్ళకి మంచిదని రాసి ఉన్నవన్నీ తెచ్చాను. మసాలా ఓట్స్, వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా, బ్రౌన్ బ్రెడ్డు, షుగర్‌ఫ్రీ బిస్కట్లు, పాలలో కలుపుకునే పొడి డబ్బాలు. వ్యాపారస్తుణ్ణి కదా, ఒకటీ రెండూ కొనడం చేతకాదు, అట్టపెట్టెలు అట్టపెట్టెలు దింపించాను. కొట్లో ఒక కరెంటు కెటిల్ పెట్టి, ఇంటి నుంచి వచ్చే క్యారేజీ మాన్పించేశాను. అన్నం మానేస్తే సగం రోగం పోతుందని మా ఆవిడకి రోజూ ఉపన్యాసం. "మీకు తెలీనిదేటున్నాది" అనేసి ఆవిడ గిన్నెలు తోముకునేది.

మార్కెట్లో ఎంత నమ్మకస్తుడు తెచ్చినా దిమ్మ మూల కొట్టి లోపల చూడందే నేను మాట చెప్పను. ప్యాకెట్ల దగ్గరికొచ్చేసరికి పైన బొమ్మ చూసి కొన్నాను. వెనక్కి తిప్పినా ఆ సన్నక్షరాలు నాకు కనిపించేవి కావులెండి. రెండు నెలలు అవే తిన్నాను. తర్వాత జరిగిందే మొదట చెప్పాను.

ఆ రోజు ఆటో దిగి ఇంట్లోకొచ్చి, రిపోర్టు బల్ల మీద పడేసి, నా ఖర్మ ఇంతే అని కూర్చున్నాను. మా ఆవిడ రిపోర్టు ముట్టుకోలేదు. స్టూలు వేసుకుని, మిగిలిన అట్టపెట్టెలన్నీ ఒక్కొక్కటే అటక మీదకి ఎక్కించేసింది. దిగి, చేతులు దులుపుకుని, "మీ వైద్యం అయిపోనాది. రేపట్నుంచి నేనెట్టిందే తినండి. కొట్లో ఆ కెటిలు కూడా పట్టుకొచ్చీయండి" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నాకు అలా చెప్పడం అదే మొదలు.

మర్నాటి నుంచి పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి. చోళ్ళ పిండి ముందురోజే నానబెట్టి, నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయతో పెట్టేది. చిన్నప్పుడు మా అమ్మ పెడితే నేను వీధిలోకి పారిపోయేది దీనికే. మధ్యాహ్నం క్యారేజీలో దంపుడు బియ్యం అన్నం గుప్పెడు, కూర దోసెడు. ఆనపకాయో బీరకాయో, పెరట్లో మునగాకు దూసి వేసిన కందిపప్పు, వారానికి రెండుసార్లు ఉలవచారు. సాయంత్రం ఉడకబెట్టిన పెసలు.

మొదటి వారం నేను మనిషిని కాను. ఆ ఓట్స్ మసాలాలో ఏం కలిపేవాళ్ళో గానీ నా నాలుక దానికి మరిగిపోయి, ఇంటి కూర గడ్డి తిన్నట్టుండేది. దంపుడన్నం నమల్లేక దవడలు లాగేవి. కొట్టుకొచ్చిన ప్రతివాడి మీదా విసుక్కున్నాను. రెండో వారంలో, పదకొండు కొట్టేసరికి ఎప్పుడూ వచ్చే నీరసం, చేతుల వణుకు రాలేదు. మూడో వారంలో ఆనపకాయ కూర ముద్ద నోట్లో పెట్టగానే నువ్వుల పొడి తగిలింది. ఆవిడ అది మొదట్నుంచీ వేస్తూనే ఉందట, నాకే ఇప్పుడు తెలిసింది. క్యారేజీ మూత తీస్తే వాసనకి పక్క కొట్టాయన లేచొచ్చేవాడు. ఒకరోజు మునగాకు పప్పు సగం ఆయనే ఊడ్చేస్తే నాకు నిజంగానే కోపం వచ్చింది.

నెలన్నర తర్వాత రక్తపరీక్ష చేయించాను. షుగర్ తగ్గింది. కానీ డాక్టరమ్మ అడిగినంత తగ్గలేదు. ఆ కాగితాన్ని మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎక్కడో దొంగతిండి తింతన్నారు" అంది చివరికి.

"లేదే, నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, మీ కళ్ళ మీద ఎయ్యండి."

వేశాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు. వేళకి వడ్డించడం మాత్రం మానలేదు. ఏమీ తినకుండానే ఇంట్లో దొంగనైపోయినందుకు నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

మూడో రోజు బావ బెల్లం వేసుకుని వచ్చాడు. చెల్లెలు ఫోన్ చేసి గోల పెట్టిందని తర్వాత తెలిసింది. తన దిమ్మలు దించుకున్నాక వెళ్ళిపోకుండా నా పక్కనే గోనెసంచుల మీద కూలబడి, తువ్వాలు ఒళ్ళో పరుచుకున్నాడు. నేను నా పని చేసుకుంటూ పోయాను. ఇనుప చువ్వతో దిమ్మ మూల కొడతాను, రంగు చూస్తాను, చిన్న ముక్క నోట్లో వేసుకుంటాను. పాకం ముదిరిందా, ఉప్పునీటి పొలం చెరకు కలిసిందా అన్నది రంగులో తెలియదు, నాలుకే చెప్పాలి. అసలు కన్ను దగా చేయడం మొదలెట్టాక నాలుకనే ఎక్కువ నమ్ముకున్నాను. ఒకసారి చాలేచోట రెండుసార్లు, మూడుసార్లు వేసుకునేవాణ్ణి.

ఎండెక్కేసరికి సరుకు అయిపోయింది. బావ తువ్వాలు తెచ్చి నా ముందు పరిచాడు. అందులో కుప్పగా బెల్లం ముక్కలు.

"ఏటిది బావా?"

"నీ పొద్దుటి టిఫిను. నువ్వు నోట్లో ఏసుకున్నప్పుడల్లా అంతే ముక్క నేనిందులో ఏసేను. సూసుకో."

రెండు దోసిళ్ళు నిండుతాయి. పాతికేళ్ళుగా సీజన్ సీజనంతా ఇలా వేసుకుంటూనే ఉన్నాను. ఒక్కరోజు కూడా దాన్ని తిన్నట్టు అనుకోలేదు.

"ఇది తినడం కాదు బావా, పని" అన్నాను. అన్నాక ఆ మాట నాకే వెర్రిగా వినిపించింది.

"పనని నీకు తెల్సు. కడుపుకి తెల్దు కదా" అన్నాడు. "అక్కడ మా సెల్లి తన వంటలోనే ఏదో లోపమున్నాదనీసి ఏడుత్తన్నాది."

సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. అంతకంటే ఎక్కువగా గుండె మీంచి బరువు దిగింది. దొంగ దొరికాడు. ఆవిడ వంటకి ఏ వంకా లేదు, నా ఒట్టు కూడా అబద్ధం కాదు. వెంటనే ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అంతా వింది. తర్వాత "కేరేజీ తిన్నారా?" అంది. రెండు రోజుల తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.

"నోట్లో ఏసుకుని ఉమ్మీయ్ మరి" అన్నాడు బావ. అది కుదరదని అతనికీ తెలుసు. పొయ్యి సెగలో నిలబడి కాచిన రైతు ఎదురుగా ఉండగా అతని బెల్లం ఉమ్మితే, అతని మొహాన ఉమ్మినట్టే. ఎంత చెడ్డ బెల్లమైనా మా మార్కెట్లో మింగాల్సిందే. బావ కాసేపు మీసం లాక్కుని, "అయితే ఆడి బెల్లం ఆడి చేతికే ఇచ్చీ. ఆడ్నే సెప్పమను" అన్నాడు. అలా చేయాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే కన్ను సంగతి బయటపడుతుంది. ఇన్నాళ్ళూ నేను దాచింది అదే.

మర్నాడు మొదటి బండి రావికమతం వైపు నుంచి వచ్చింది. పాతిక సీజన్లుగా నా దగ్గరికే తెస్తున్న పెద్దాయనది. దిమ్మ మూల కొట్టి ముక్క ఆయన చేతిలో పెట్టాను. "మామా, నాకు షుగరు. కంటి ఆపరేషన్ అయ్యేదాకా తీపి నోట్లో పెట్టకూడదు. ఈ ఏడు నా కన్ను రంగు కూడా సరిగా చెప్పడం లేదు. నువ్వే రుచి చూసి చెప్పు" అన్నాను. ఆయన ముక్కని నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు.

"మంచిదనే సెప్పాలనున్నాది గానీ, ఉప్పు తగిలినాది బాబూ. దిగువ మడి సెరుకు కలిసిపోనాది" అన్నాడు.

ఆయన తర్వాత కూడా ఎవరూ బండి తిప్పుకుపోలేదు. రంగుకి పక్క కొట్టాయన్ని పిలిచేవాణ్ణి, రుచికి బెల్లం తెచ్చినవాణ్ణే అడిగేవాణ్ణి. అందరూ సత్యహరిశ్చంద్రులేం కాదు. కోతలు కోసేవాళ్ళు కోశారు. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూడకుండా దిమ్మల వైపు చూసేవాళ్ళు. అంతమాత్రం మసక కంటికి కూడా తెలుస్తుంది.

ఇంకో నెల అంబలి, పప్పు, ఉలవచారు, పైన ఒక్క ముక్క బెల్లం లేకుండా గడిచింది. ఈసారి డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీయలేదు. "ఇప్పుడు చేద్దామండి" అంది. కట్టు విప్పిన రోజు నేను మొదట చూసింది గది గోడ. తెల్లగా ఉంది. గోడ తెల్లగా ఉందని ఏడ్చే మనిషిని ఆవిడ అదివరకు చూడలేదేమో, "ఏడవకండి, కంటికి మంచిది కాదు" అని కోప్పడింది.

ఆ సాయంత్రం బావ కాగితంలో చుట్టిన బెల్లం ముక్క తెచ్చి, తినడానికి కాదని ముందే హెచ్చరించి, నా కంటి ముందు పెట్టాడు. సీజన్ మొదట్లో నేను రెండో రకమన్న దిమ్మల్లోది, ఇంటికని ఒకటి ఉంచుకున్నాడట. "మొదటి రకం బావా" అన్నాను. "నాకు తెల్సు. నువ్వు రెండో రకమన్న రోజే నీ కన్ను పోతన్నాదని తెలిసినాది. బెల్లానికేటి, మల్లీ కాసుకుంతాం" అన్నాడు. అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పది రోజులు మార్కెట్ దుమ్ములోకి వెళ్ళొద్దన్నారు. కొట్టు పెట్టాక మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండటం నాకు అదే తొలిసారి. మొదటి రోజు భోంచేసి కాసేపు నడుం వాల్చి, మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ పీట మీద కూర్చుని తింటోంది. పళ్ళెంలో మసాలా ఓట్స్. పక్కన చింపిన ప్యాకెట్టు.

"ఏటిది?" అన్నాను.

"పెట్టెలు పెట్టెలు తెచ్చీసేరు, పారబోత్తామేటి? పాడైపోతాయనీసి పూటకొకటి నేనే తింతన్నాను. ఇంక రెండు పెట్టెలే ఉన్నాయి" అంది, అదేదో ఘనకార్యంలాగా.

మునగాకు దూసింది, చోళ్ళు ఏరి పిండి పట్టించింది, నా కోసం రోజూ రెండు పొయ్యిల మీద వండింది. మూడు నెలలపాటు తను మాత్రం నా తెలివితక్కువతనాన్ని కూర్చుని తింది. ప్యాకెట్టు తీసి వెనక్కి తిప్పాను. సన్నక్షరాలు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. ఉప్పు, పంచదార, నా నోరు తిరగని పేర్లు నాలుగు. ఆవిడ ముందు నుంచి పళ్ళెం తీసేశాను. రెండు పెట్టెలూ చెత్తబండికి ఎత్తించాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, బండి సందు తిరిగేవరకూ గొణుక్కుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడకి రక్తపరీక్ష చేయించాను. రిపోర్టు సాయంత్రం ఇస్తామన్నారు. నా ఆపరేషన్ బల్ల మీద కూడా నాకు అంత భయం వేయలేదు. ఇచ్చారు. అంతా సరిగ్గా ఉంది. రెండుసార్లు చదివాను, ఆ ల్యాబ్ మెట్ల మీదే కూలబడ్డాను. "లెగండి, జనం సూత్తన్నారు" అంది ఆవిడ.

మర్నాడు మధ్యాహ్నం ఆవిణ్ణి నాతోపాటే కూర్చోబెట్టి, ముందు ఆవిడకి నేనే వడ్డించాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ వడ్డించి ఎరగను. అన్నం పెట్టాను, పప్పు వేశాను. ఉలవచారు సగం పళ్ళెంలో, సగం నేల మీద పడింది.

"కళ్ళొచ్చీసేయన్నారు కదా" అంది, తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ.