మామగారిచ్చిన యుద్ధవిమానం

ఆ రోజుల్లో భయపడటానికి మాకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ఇంటికి టెలిగ్రాం వస్తే భయం, హెడ్మాస్టరు పేరుపెట్టి పిలిస్తే భయం, బస్సులో కండక్టరు మన సీటు దగ్గరే కాసేపు నిలబడితే భయం. అన్ని భయాల మధ్య పెరిగినవాణ్ణే అయినా, ఒక విమానానికి, అదీ అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ విమానానికి, అన్నం సహించనంతగా జడుసుకుంటానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు నేను కోదాడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారిని. సొంతిల్లు సూర్యాపేటలో, కోదాడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. మా మేనమామ మిర్యాలగూడలో నాకో సంబంధం చూశాడు. పిల్ల తండ్రి ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌గా చేసి రిటైరై వచ్చిన మనిషి. వీధిలో అందరూ ‘విమానం సారు’ అనేవారు. పెళ్ళిచూపులనాడు ఆయన నా జీతం అడగలేదు, చదువు అడగలేదు. ఇంత లావు మీసాల వెనక నుంచి నన్నే చూస్తూ కూర్చున్నాడు. పిల్ల బూందీ ప్లేట్లు పెట్టి వెళ్ళింది గానీ నేను తలెత్తింది లేదు. (పిల్ల ముఖం కంటే పిల్ల తండ్రి మీసాలే నాకు వివరంగా గుర్తున్నాయి.) చివరికి ఆయన నోరు తెరిచి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

“సన్నపని అలవాటున్నదా?”

నాకు అర్థమయ్యేలోపే మా మేనమామ అందుకున్నాడు. “అయ్యో, మావోని చేతిల కళ ఉన్నది సారూ! చిన్నగున్నప్పుడే వినాయకునికి రంగులేసిండు!” (నేను రంగు వేసింది వినాయకుడికి కాదు, ఎలుకకి. ఎలుకలో కూడా తోకకి.)

విమానం సారు లేచి లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. “యుద్ధంల నేను సూసుకున్న విమానం గిదే. న్యాట్ అంటరు. మా ఆఫీసరు బయటి దేశం కెల్లి పంపిండు. ముక్కలన్ని జోడించి, రంగేసి తీస్కరా.” తల ఊపాను. “డబ్బా మీద ఉన్నది పరాయి దేశం గుర్తు. అది వద్దు, మన గుర్తు వెయ్యి.” మళ్ళీ ఊపాను. “జర పైలం. గిసుంటిది మళ్ల దొరకది.” ఈసారి తల ఊగలేదు, మెడ బిగుసుకుపోయింది. గడప దాటుతుంటే పిల్ల తలుపు చాటు నుంచి పెట్టె వంక చూసి, నా వంక చూసి, నవ్వింది. అది జాలి నవ్వేనని నేను ఖాయం చేసుకున్నాను.

బస్టాండులో మా మేనమామ తీర్పు చెప్పేశాడు. “అరేయ్, ఇది పరీక్షరా! విమానం మంచిగైతే పిల్ల నీది. కరాబైందనుకో, ఇగ ఖతం.” హుజూర్‌నగర్ రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా నేను ఆ పెట్టెను పసిపిల్లను ఎత్తినట్టు గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. పక్కాయన లోపల కోడిగుడ్లా అని అడిగాడు. అవునన్నాను.

గదికి వచ్చి మూత తీశాను. నా ఊహలో విమానమంటే రెండు రెక్కలు, ఒక తోక. ఆ పెట్టెలో బియ్యపు గింజంత ముక్కలు కూడా ఉన్నాయి. కందిగింజంత పైలటు ఉన్నాడు, వాడికి ముక్కు కూడా ఉంది. బడి అయిపోగానే గదికి పరిగెత్తుకొచ్చి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. ఒకసారి తుమ్మొస్తే ముందు చక్రం ఎటో ఎగిరిపోయింది. నేలకు చెంప ఆనించి మంచం కింద వెతుకుతుంటే గది కిరాయికిచ్చిన ఇంటావిడ కిటికీలోంచి చూసి, “ఏమండీ మాస్టారూ, ఒంట్లో బాగుందా? మీ వాళ్ళకి కబురు పెట్టమంటారా?” అంది. చక్రం నా లుంగీ మడతలో దొరికింది. జిగురు వేలికి అంటి, ఆ వేలు పైలటు మీది గాజు మూతకు అంటి, మూత మబ్బు పట్టినట్టయింది. ఆనాడు నేను నిజంగానే కంటనీరు పెట్టుకున్నాను. పైలటుకు ముందు దారి కనిపించనట్టే నాకూ కనిపించలేదు. కలలో మీసాలు వచ్చేవి. ఉత్త మీసాలు, వాటి వెనక మనిషి లేకుండా.

రంగులు సూర్యాపేటలో కొన్నాను. ఒళ్ళంతా వెండిరంగు వేశాక, చెప్పొద్దూ, అది నిజంగానే విమానంలా మెరిసింది. మిగిలింది మన గుర్తు. మన విమానాల మీద మూడు రంగుల వలయాలుంటాయని తెలుసు గానీ ఏ రంగు లోపల, ఏది బయట? అడుగుదామంటే భయం. లెక్కల బుర్రతో ఆలోచించాను. జెండాలో ఆకుపచ్చ అడుగున ఉంటుంది కాబట్టి అది బయటి వలయం, కాషాయం పైన ఉంటుంది కాబట్టి అది నడిమి చుక్క. అలా నిరూపించుకుని, ముందు తెల్లటి గుండ్రాలు వేసి, వాటి చుట్టూ ఆకుపచ్చ వలయాలు గీసి, ఆరితే మధ్యలో కాషాయం పెడదామని ఆదివారం పొద్దున కిటికీలో పెట్టాను.

అప్పుడే ఇంటావిడ గొంతు వినిపించింది. “మాస్టారూ, ఎవరో పెద్దాయన వచ్చారండీ. మీసాలున్నాయి!”

దాచే వ్యవధి లేదు. ఆయన నేరుగా కిటికీ దగ్గరికి నడిచాడు. వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ముఖం పాలిపోయింది.

“ఎవలదిది?” అన్నాడు చివరికి.

“మీదే సార్.”

“మాది కాదు. వాళ్లది.” గొంతు చాలా మెల్లగా ఉంది. “ఆకుపచ్చ, నడుమ తెలుపు. నువ్వేసింది పాకిస్తాన్ గుర్తు.”

దేశద్రోహం, పెళ్ళి రద్దు, సూర్యాపేటలో మా నాన్న చెప్పుదెబ్బ, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. ఆయన మాత్రం మంచం మీద కూలబడి, విమానాన్ని కాదు, గోడను చూస్తూ మొదలుపెట్టాడు.

“యుద్ధంల ఒక దినం పొద్దుగాల చాయ తాగుతున్న. సైరన్ కూసింది. తలెత్తి సూస్తే గిదే గుర్తు, గింత దగ్గర. కందకంల దునికిన. చేతిల గ్లాసు మాత్రం ఇడువలే. బాంబులు పడినంతసేపు గా గ్లాసు పట్టుకొనే కూసున్న. అంత అయినంక సూసుకుంటే ప్యాంటు తడిసింది. చాయ ఒలికిందని అందరికి చెప్పిన.” ఆగి, మీసాలు నిమురుకున్నాడు. “చాయ కాదు. ఇంట్ల ఎవలకు చెప్పలే. నువ్వు గూడ చెప్పకు.” (ఆయన ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు.)

ఎవరు ముందు నవ్వామో గుర్తులేదు. ఆయన భుజాలు ఊగడం చూశాను, ఆ తర్వాత నాకూ ఆగలేదు. ధైర్యం వచ్చి అడిగాను, “సార్, మరి పరీక్ష పోయినట్టేనా?”

“ఏం పరీక్ష?”

మా మేనమామ మాట చెప్పాను. ఆయన ఆశ్చర్యపోయాడు. “మా పిల్ల అదేరోజు ఒప్పుకున్నది. మీ మామకు కబురు గూడ పంపిన గదా!” (తర్వాత నిలదీస్తే మా మేనమామ ఏమాత్రం తొణకలేదు. “చెప్తే నువ్వు పని ఆపుతవని చెప్పలే” అన్నాడు.) మరి ఈ పెట్టె నాకెందుకు ఇచ్చినట్టని అడగబోయాను గానీ, ఆయన బ్రష్షు అందుకునేసరికి నాకే తెలిసిపోయింది. ఒకప్పుడు యుద్ధవిమానాల బోల్టులు బిగించిన ఆ వేళ్ళు గాలికి ఆకు ఊగినట్టు ఊగుతున్నాయి. “చెప్పినట్టు ఇంటలేవు ఇవి,” అన్నాడు చేతుల వంక చూస్తూ. “ఇంట్ల తెలుస్తే పరేషాన్ అయితరు. ఎవలనన్న అడుగుదమంటే బయమైంది.”

కిరసనాయిలు గుడ్డతో పాత గుర్తులు తుడిచేశాం. ఆయన రెక్క పట్టుకుని చెప్తుంటే నేను వేశాను: బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. ఎడమ రెక్క దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు ఆయన చేతిలో పెట్టాను. వద్దన్నాడు. నేను ఆయన మణికట్టు కింద నా చెయ్యి ఆనించాను. “గట్టిగ పట్టు, అల్లుడా,” అన్నాడు. ఇద్దరి చేతులూ వణికాయి.

ఆ విమానం ఇప్పుడు మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటూ చూసి, ఎడమ రెక్క దగ్గర ఆగుతారు. అక్కడి గుర్తు గుండ్రంగా ఉండదు, పిల్లలు గీసిన కోడిగుడ్డులా వంకర పోయి ఉంటుంది. “అయ్యో, ఇదొక్కటి ఎవరు పాడుచేశారు?” అంటారు. “నేనే” అంటాను. మా ఆవిడ బీరువా తలుపు మెల్లగా మూస్తూ నా వంక చూసి నవ్వుతుంది. అప్పుడనిపిస్తుంది, కోదాడ గదిలో ఫ్యాను ఆపుకుని చెమటలు కక్కుతూ కూర్చున్న ఆ కుర్రాడి భుజం తట్టి, పిల్ల ఎప్పుడో ఒప్పుకుందిరా అని చెవిలో ఊదుదామని. మళ్ళీ నేనే వద్దనుకుంటాను. చెప్తే పని ఆపేస్తాడు.