పేపర్లో లేని పుర్రచెయ్యి

నాకు ఒకప్పుడు మంచి గొంతు ఉండేది. గొప్పకు చెప్పడం లేదు. ఆ గొంతే లేకపోతే ఒక మనిషి తన బతుకేదో తను బతికేవాడు, అందుకే అక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాను. ఇప్పుడు దగ్గు తప్ప ఏమీ మిగల్లేదు. మంచిదే అయింది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతున్న రోజులవి. విజయవాడను అందరం బెజవాడనే అనేవాళ్లం. మా వాళ్లది చల్లపల్లి వైపు మగ్గాల ఊరు. స్కూలు ఫైనలు దాకా చదివిన నాకు మగ్గం గుంటలో కూర్చోవడం నామోషీ అనిపించి, వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. పొద్దున్నే కొట్టు తెరిచేలోపు పక్క వీధిలో కాఫీ హోటలుకు వెళ్లేవాణ్ణి. అక్కడ పేపరు ఒక్కటే వచ్చేది. దాన్ని నేను పైకి చదవాలి, మిగతా పాతికమంది వినాలి. నన్ను "పేపరు పంతులు" అనేవాళ్లు. వాళ్లు ఎగతాళికే అనేవాళ్లు గానీ, నేను మాత్రం దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాను.

వినేవాళ్లలో చదువు వచ్చినవాళ్లు లేకపోలేదు. ఒక ప్లీడరు గుమాస్తాగారు రోజూ వచ్చేవారు. ఆయన నాకంటే బాగా చదవగలరు. కానీ విని, విన్నదాని మీద వాదించడం ఆయనకు సరదా. "నువ్వు చదువవోయ్, బుర్ర మేం పెడతాం" అనేవారు.

ఆ ఎండాకాలంలో ఏలూరు కాలువ దగ్గర మేడలో ఒంటరిగా ఉండే నూలు వ్యాపారిని ఎవరో చంపేశారు. పాలు పోసే మనిషి వెళ్లి చూస్తే, ముందుగదిలో మెడమీద కత్తిగాట్లతో పడి ఉన్నాడట. తలుపు పగలగొట్టలేదు, ఇంట్లో వస్తువేదీ పోలేదు. ముందే చెప్పేస్తున్నాను, చంపినవాడెవడో ఇవాళ్టికీ తెలియదు. చివర్లో దొరుకుతాడేమోనని ఎదురుచూడకండి.

మొదటిరోజు పేపరు వాళ్లు ఒక కాలమ్ నిండా రాశారు. హోటల్లో చోటు చాలక జనం రోడ్డు మీద నిలబడి విన్నారు. నేను ఆగి కాఫీ ఒక గుక్క తాగితే, అంతమందీ నా గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నారు. అబ్బ, ఏం చెప్పను! జన్మలో ఎవరూ నన్నంత శ్రద్ధగా చూడలేదు. గుమాస్తాగారైతే కోర్టు నడిపేసినట్టు ఒక్కొక్కరికీ ప్రశ్నలు వేసి, జవాబులు ఆయనే చెప్పుకున్నారు.

కానీ యుద్ధం మూలాన కాగితానికి కరువు. పేపరు చిక్కి సగమైపోయింది. రెండోరోజుకి హత్య వార్త పది లైన్లయింది. నాలుగోరోజుకి ఒక్కటే లైను: "పోలీసువారు దర్యాప్తు సాగించుచున్నారు." అది చదివి ఆపాను.

"అంతేనా?" అన్నాడు హోటలాయన.

"అంతేనా పంతులూ?" అని వెనక బల్ల మీంచి ఇంకొకరు.

ఆ వార్త నేనే రాసినట్టు, తక్కువ రాసినందుకు నన్ను నిలదీస్తున్నట్టు అనిపించింది. ఉక్రోషం వచ్చింది. కళ్లు పేపరు మీంచి తియ్యకుండా, గొంతు మారకుండా, లేని లైను ఒకటి చదివేశాను: "ఆ రాత్రి ఆ వీధియందు కుక్కలు అదేపనిగా మొరిగినట్లు తెలియవచ్చుచున్నది."

ఆ రోజుల్లో పేపరు భాష అలాగే ఉండేది. 'తెలియవచ్చుచున్నది' అంటే చాలు, ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు అని అడిగేవాడు లేడు. ఆ భాష నాకు నీళ్లు తాగినంత సులువుగా వచ్చేది. కుక్కల మీద గంటసేపు చర్చ జరిగింది. కుక్కలు మొరిగితే ఎవరికి నష్టం అనుకున్నాను. మర్నాడు ఒక గుర్రబ్బండిని చేర్చాను. ఆ మర్నాడు పేపర్లో హత్య ఊసే లేదు. పాతికమందీ నా మొహమే చూస్తున్నారు. అప్పుడు అన్నాను:

"గాయముల తీరును బట్టి హంతకుడు ఎడమచేతి వాటము గలవాడై యుండునని డాక్టరుగారు అభిప్రాయపడినట్లు తెలియవచ్చుచున్నది."

 హోటలు హోటలంతా ఒక్కసారిగా లేచింది. "అంటే పుర్రచెయ్యోడా! ఓరి నాయనో!" అన్నాడు హోటలాయన. గుమాస్తాగారు తొడ చరిచి, "చూశారా, నేను మొదట్నుంచీ చెబుతున్నానా లేదా?" అన్నారు. ఆయన అంతకుముందు అలాంటిదేమీ చెప్పలేదు.

ఇక ఊరంతా చేతులు చూడ్డం మొదలుపెట్టింది. "తిండి చూసి కనిపెట్టలేమండీ," అని గుమాస్తాగారు తేల్చారు. "పుర్రచెయ్యోడైనా అన్నం కుడిచేత్తోనే తింటాడు. చిన్నప్పుడే తల్లి రెండు వేసి మాన్పిస్తుంది. పని చూడాలి. పనిముట్టు ఏ చేత్తో పడతాడో చూడాలి." హోటల్లో దోసెలు పోసేది హోటలాయన బావమరిది, అతనిది పుర్రచేతి వాటం. పాపం, భయపడి ఆ రోజు నుంచి అట్లకాడ కుడిచేత్తో పట్టాడు. ఒక్క దోసె సరిగా తిరగలేదు. మాడు కంపు మధ్య అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

రెండురోజుల తర్వాత గుమాస్తాగారు కాఫీ కింద పెట్టి, నావైపు తిరిగారు.

"అవునోయ్ పంతులూ, మీ కొట్టు అరుగుమీద మిషను కుట్టే సాయిబు కత్తెర ఏ చేత్తో పడతాడు?"

నేను పేపరు మడవడం మొదలుపెట్టాను.

సాయిబు యాభై ఏళ్ల మనిషి. మా కొట్లో బట్ట కొన్నవాళ్లు మెట్లు దిగుతూ దిగుతూ ఆయనకే ఇచ్చి పోయేవాళ్లు. ఆయనది పుర్రచేతి వాటమే. కత్తెర కుడిచేతి వాళ్లకు చేసింది కావడంతో ఎడమ బొటనవేలి మీద ఇంత కాయ కాసి ఉండేది. రోజూ చూసేదే. నన్ను ఎగతాళి లేకుండా పంతులుగారూ అని పిలిచింది ఆయనొక్కడే. హోటల్లో ఆ ఎడమచేతి మాట చదివినప్పుడు సాయిబు నా మనసులో లేడని చాలా ఏళ్లు నాకు నేనే ఒట్టు పెట్టుకుంటూ వచ్చాను. అబద్ధం. ముందురోజు సాయంత్రం ఆయన నా చొక్కాగుడ్డ కత్తిరిస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఎడమచేత్తో ఎంత సుతారంగా కోస్తున్నాడో అనుకున్నాను. నా నోటికి ఆ మాట అక్కణ్ణుంచే వచ్చింది.

గుమాస్తాగారితో మాత్రం, "ఏమోనండీ, ఎప్పుడూ గమనించలేదు," అన్నాను.

నేను గమనించకపోతేనేం, గమనించేవాళ్లు పదిమంది వచ్చారు. కొనేదేమీ లేకపోయినా అరుగు ముందు నిలబడి ఆయన చేతికేసి చూసి పోయేవాళ్లు. చచ్చిపోయిన వ్యాపారికి సాయిబే జుబ్బాలు కుట్టేవాడని ఒకరికి గుర్తొచ్చింది. ఊళ్లో సగంమందికి ఆయనే కుట్టేవాడని ఎవరికీ గుర్తురాలేదు. వారం తిరక్కుండా పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. రెండోరోజు మధ్యాహ్నానికి వదిలేశారు, ఏమీ దొరకలేదని. "ఊరికే తీసుకెళ్తారా?" అంది ఊరు. మా కొట్టు షావుకారు, "సాయిబూ, ఏమీ అనుకోకు, గిరాకీ భయపడుతోంది. ఈ నెలాఖరుకి మిషను తీసేయ్," అన్నాడు. ఆయన తల వంచుకుని, "అట్టాగేనండీ," అన్నాడు.

ఆ సాయంత్రం కొట్లో నేనొక్కణ్ణే ఉండగా సాయిబు లోపలికి వచ్చాడు. గడప దాటి లోపలికి రావడం అదే మొదటిసారి.

"పంతులుగారూ, నాకు తెలుగు అక్షరాలు రావు. పేపర్లో నా గురించి పడిందంటున్నారు. అదేందో ఒకసారి చూపిస్తారా?"

"మీ గురించి కాదు సాయిబుగారూ, పుర్రచెయ్యి అని మాత్రమే..."

"అదేనండీ. అదెక్కడుందో చూపించండి."

హోటలుకు వెళ్లి పాత పేపర్లలో ఆ రోజుది వెతికి తెచ్చాను. దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను, చెప్పేద్దాం, కాళ్ల మీద పడదాం అని. ఆయన ఎదురుగా పేపరు విప్పేసరికి నోరు పెగల్లేదు. పెగిలింది దేనికయ్యా అంటే, ఆ అబద్ధాన్నే మళ్లీ చదవడానికి. అవును, ఆయన మొహం ముందే, అదే గొంతుతో, 'తెలియవచ్చుచున్నది' దాకా మొత్తం చదివాను.

"ఏదీ, వేలు పెట్టండి."

వేలు పెట్టాను. అది బియ్యం రేషను గురించిన లైను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వంగి, నా వేలు ఉన్నచోట తన వేలు పెట్టి, ఆ లైనంతా మెల్లగా తడిమాడు. "ఇంత చిన్న ముక్కా!" అన్నాడు. ఛీ, నా బతుకు! ఆ మాటకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అయినా వేలు తియ్యలేదు.

తర్వాత ఆయనే ఉపాయం చెప్పాడు. పేపరు వాళ్లకు ఒక ఉత్తరం రాయాలట. పుర్రచేతి వాళ్లు లోకంలో బోలెడుమంది ఉంటారనీ, ఫలానా టైలరును పోలీసులు విచారించి ఏ తప్పూ లేదని వదిలేశారనీ. "పేపర్లో పడ్డదాన్ని పేపరే తియ్యాలండీ. మీ మాట అందంగా ఉంటుంది, మీరు రాస్తే వేస్తారు." ఆయన చెబుతుంటే అక్కడే కూర్చుని రాశాను. రాసి మడిచి జేబులో పెట్టుకున్నాను. పోస్టు మాత్రం చెయ్యలేదు. అది వెళితే, మేమెప్పుడూ అలా వెయ్యలేదే అని వాళ్లు జవాబు రాస్తారు. అప్పుడు నా సంగతి?

మర్నాటి నుంచి సాయిబు హోటలు ముందు రోడ్డు మీద నిలబడి పేపరు వినేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. ఆయన కనబడగానే మాటలు ఆగిపోయేవి. నేను చదవడం అయ్యాక నాకేసి చూసేవాడు, ఇంకా పడలేదా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆయన వెళ్లి మిషను దగ్గర పని లేకుండా కూర్చునేవాడు. ఇలా పదిరోజులు. నెలాఖరు దగ్గరపడింది.

చివరికి నేనొక ఉపాయం ఆలోచించాను. లేని మాట చదివి ముంచినవాణ్ణి, లేని మాట చదివే తేల్చవచ్చు గదా! నిజం ఒప్పుకోనక్కర్లేకుండా పాపం కడుక్కోవచ్చని సంబరపడ్డాను. మర్నాడు సాయిబు రోడ్డు మీద నిలబడి ఉండగా, గొంతు సవరించుకుని చదివాను:

"హంతకుడు ఎడమచేతి వాటము గలవాడన్నది పొరబాటనియు, ఈ విషయమున అనుమానింపబడిన టైలరు నిర్దోషి యనియు పోలీసువారు నిర్ధారించినట్లు తెలియవచ్చుచున్నది."

సాయిబు దువా చేసినట్టు రెండు చేతులూ ఎత్తి మొహానికి అద్దుకున్నాడు. నేను చూశాను.

"ఏదీ, ఇలా ఇవ్వవోయ్," అన్నారు గుమాస్తాగారు.

అన్నిరోజుల్లో ఆయన పేపరు చేతికి ఇమ్మని అడగడం అదే మొదలు. మనిషిని పట్టించే మాట చదివినప్పుడు ఎవరూ అడగలేదు. విడిపించే మాటకి అడిగారు. పేపరు నా చేతిలోంచి లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, పైనుంచి కిందకీ, అటుతిప్పీ ఇటుతిప్పీ చూశారు.

"ఇందులో ఎక్కడా లేదే!"

హోటలాయన పొయ్యి దగ్గర్నుంచి వచ్చాడు. అందరూ లేచారు.  అప్పుడైనా చెప్పవచ్చు. ఇదీ లేదు, అదీ లేదు, రెండూ నేను కల్పించినవే అంటే సరిపోయేది. వెంటనే ఒకటి గుర్తొచ్చింది. పుర్రచేతి సంగతి పేపర్లో తన కళ్లతో చూశానని గుమాస్తాగారు, చూడకుండానే, ఊరంతా చెప్పి ఉన్నారు. నేను చెప్పినా ఆయన ఒప్పుకోరు అనుకున్నాను. ఇదొక సాకు. అసలు సంగతి, నాకు సిగ్గేసింది. పాతికమంది ముందు అబద్ధాలకోరునని తెలిసిపోతుందే అని, అంతే.

"ఎవరు చదవమన్నారు నిన్ను?" అని గద్దించారు గుమాస్తాగారు. రోడ్డు కేసి చూశారు. "సాయిబు చదవమన్నాడా?"

నేను తల దించుకున్నాను. అవుననలేదు. కాదని కూడా అనలేదు. మెల్లగా పాతిక తలలూ సాయిబు వైపు తిరిగాయి. "చూశారా! తప్పు చెయ్యనివాడికి ఇదంతా ఎందుకు?" అని ఎవరో అన్నారు.

సాయిబు మొదటిసారి హోటలు మెట్టెక్కాడు. నాకేసి చూశాడు. ఆయనకు అప్పుడు ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఆ రోజుది నా కల్పనేనన్న సగమే అర్థమైందనుకుని చాలాకాలం నన్ను నేను ఊరడించుకున్నాను. కానీ ఆ చూపులో మిగిలిన సగం కూడా ఉంది. ఆయన గుమాస్తాగారి వైపు తిరిగి, నెమ్మదిగా అన్నాడు:

"ఆ అబ్బాయిని ఏమీ అనకండి బాబూ. నేనే చదవమన్నాను."

మెట్టు దిగి వెళ్లిపోయాడు. నెలాఖరు దాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే మిషను బండిలో వేసుకుని, పెళ్లాం పిల్లలతో ఊరు విడిచిపోయాడు. ఎక్కడికో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

హోటల్లో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. "అమాయకుడివోయ్, నిన్ను వాడుకున్నాడు" అని హోటలాయన నా ముందు ఇంకో కాఫీ పెట్టాడు. తాగాను.