చిట్టి ఎందుకు తినలేదంటే

నా చిన్నప్పుడు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి కొన్నాళ్లు ఉన్న ఒక చిన్న కుక్క గురించి మా బంధువుల్లో ఒక కథ తిరుగుతోంది. అన్నం ముట్టకుండా పేచీ పెట్టిన ఆ కుక్కని మా తాతయ్య పస్తు పెట్టి దారికి తెచ్చాడని ఆ కథ. పెళ్లి పంక్తుల్లో ఏ పిల్లాడైనా విస్తరి ముందు మారాం చేస్తే, "వీడికి చిట్టి వైద్యం చెయ్యండ్రా" అని పెద్దవాళ్లు నవ్వుతారు. చిట్టి ఆ కుక్క పేరు. ఆ కథ నిజం కాదు. నిజం తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. తెలిసి కూడా ఇన్నాళ్లూ వాళ్లతో కలిసి నవ్వాను.

మా ఊరు పెదపాడు దాటి కొల్లేటి వైపు పోతే వస్తుంది. స్వరాజ్యం ఇంకా రాని రోజులు. వానాకాలం కొల్లేరు పొంగితే మా చేల గట్లదాకా నీళ్లొచ్చేవి, ఏలూరు వెళ్లాలంటే పడవే గతి. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క బడి మిషను వాళ్లది. ఊరి చివర, క్రైస్తవుల పేట మొదట్లో ఉండేది. అక్కడి పంతులమ్మ గారు ఒంటరి మనిషి. ఆవిడకి తోడు ఏదైనా ఉందంటే అది చిట్టే. పిల్లి కన్నా కాస్త పెద్దది. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి మాత్రం కాల్చిన వంకాయ తొక్కలా నల్లగా ఉండేది. మేం ఎక్కాలు అప్పజెబుతుంటే ఆవిడ కుర్చీ కింద పడుకుని వినేది.

ఒక వానాకాలం పంతులమ్మ గారికి కడుపులో గడ్డ అన్నారు. ఏలూరు వెళ్లి ఆపరేషను చేయించుకోవాలి. పేటలోని పెద్ద కుక్కలు చిట్టిని బతకనివ్వవని, దాన్ని చంకనేసుకుని ఆవిడ మా ఇంటికి వచ్చారు. అరుగు ఎక్కలేదు. ఆ రోజుల్లో ఎక్కేవారు కాదు. కిందే నిలబడి మా మామ్మతో మాట్లాడారు.

"నెలాఖరుకి వచ్చేస్తానండి. మీ మనవడంటే దీనికి చనువండి. గొడ్లపాకలో ఓ మూల పడుంటుంది."

"ఏం తింటుందమ్మా?"

"మేం తినేదే తింటుందండి. పేచీలేం లేవండి దీనికి."

పడవ ఎక్కే ముందు ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, నేను వచ్చేసరికి ఇది నాకు కనిపించాలి బాబూ అన్నారు. సరేనండి అన్నాను. అంత సులువుగా ఇచ్చిన మాట మళ్లీ నా జీవితంలో లేదు.

చిట్టి మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. గంజన్నం పెట్టాం. పెరుగు కలిపాం. కొల్లేటి చేపల పులుసు పోసి కలిపితే ఆ వాసనకి ఊళ్లో పిల్లులన్నీ వచ్చాయి గాని చిట్టి మూతి పెట్టలేదు. మూకుడు దగ్గరికి వచ్చేది, దాని ముందు బడిపిల్లలా నిటారుగా కూర్చునేది, చాలాసేపు అలా కూర్చుని, చివరికి లేచి వెళ్లి గడ్డిలో పడుకునేది. ఆ అన్నం కోళ్లు తినేవి. రాత్రిళ్లు గాబు దగ్గర కాసిన్ని కుడితి నీళ్లు నాకేదనుకుంటాను, ఆ మాత్రం ప్రాణం నిలిచింది.

"దొరల బడి కుక్కండి, దానికి బిస్కత్తులు కావాలండి" అన్నాడు మా పాలేరు. పక్కింటి అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. తాతయ్యకి మాత్రం అది అవమానంగా తోచింది. పేటలో గంజి తాగి బతికిన కుక్క మన ఇంటి అన్నం కాదంటుందా అన్నాడు. "ఎవరూ ఏమీ పెట్టకండి. కడుపు మాడితే అదే దారికొస్తుంది" అని ఆజ్ఞ వేశాడు. మా ఇంట్లో ఆయన మాటకి తిరుగు లేదు.

చిట్టి డొక్కలు లోపలికి పోయాయి. పిలిస్తే తోక ఆడించేది గాని లేచేది కాదు. ఇంతలో ఏలూరు నుంచి వచ్చిన పడవవాడు కబురు తెచ్చాడు. పంతులమ్మ గారికి ఆపరేషను అయింది, జ్వరం మాత్రం తగ్గలేదు, తెలివి వచ్చినప్పుడల్లా చిట్టి తింటోందా అని అడుగుతున్నారట. తిరుగు పడవకి ఏం చెప్పమంటావు అబ్బాయీ అని అతను నన్నే అడిగాడు. నేను గొడ్లపాకలోకి పోయి ఏడ్చాను.

మామ్మ అక్కడికే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యి తాతయ్య కునుకు తీసే వేళ. కొంగు చాటున మూకుడు ఉంది. చిట్టి ఎదురుగా అది పెట్టి, పీట వాల్చుకుని కూర్చుంది. చిట్టి ఎలాగో లేచి వచ్చి మూకుడు ముందు కూర్చుంది. మామ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి నన్ను దగ్గరికి పిలిచింది.

"దాని మూతి చూడరా. చొంగ కారుతోంది. తినడం ఇష్టం లేనిదానికి నోరూరుతుందా? పైగా అది అన్నం వంక చూడట్లేదు, నా మొహం వంక చూస్తోంది." తర్వాత కాస్త వంగి, ఆడపిల్లని అడిగినట్టు అడిగింది. "దేనికోసం చూస్తున్నావే తల్లీ?"

ఆ కుక్క చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ల దగ్గరికి మామ్మ బయలుదేరింది. నా చెయ్యి పట్టుకుని చేలగట్టు మీదుగా, ఊరి కంట పడకుండా, పేటకి నడిచింది. మా ఇళ్ల ఆడవాళ్లు అటు వెళ్లడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పంతులమ్మ గారి పక్కింట్లో ఒక ముసలావిడ చాప అల్లుతోంది. మామ్మని చూసి కంగారుగా లేచి నిలబడింది. కూర్చోండని అనడానికి ఆవిడకి నోరు రాలేదు. మామ్మే ఆ మట్టి అరుగు మీద కూర్చుని సంగతి చెప్పింది.

ముసలావిడ విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ప్రార్థన చెయ్యలేదాండీ? మా వాళ్లు అన్నం ముందు చేస్తారు కదండీ. పంతులమ్మ కళ్లు మూసుకుంటే అదీ కదలదండి. ఆమెన్ అన్నాకే మూతి పెడుతుంది. పిల్లప్పుడు ఓసారి తొందరపడితే ఆవిడ కోప్పడిందండి. అప్పటినుంచీ అంతే."

"మరి ఆ మాట మాకు చెప్పలేదే ఆవిడ?"

"తట్టుండదండి. అన్నానికి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుంటామని మీరెవరికన్నా చెబుతారా అండీ?"

"అయితే ఆ మాటలేవో నాకు నేర్పమ్మా" అంది మామ్మ. ముసలావిడ ఒక్కో ముక్కా చెప్పింది. మామ్మ వెనకాలే పలికింది, కొత్త పాఠం వల్లె వేసినట్టు.

ఇంటికి వస్తూ కాలవలో మునిగి, నన్నూ ముంచింది. అదీ దాచను. పేటకి వెళ్లింది మా మామ్మే, వెళ్లినందుకు స్నానం చేసిందీ మా మామ్మే.

తడిబట్టలతోనే పాకలోకి వెళ్లి మూకుడు ముందు కూర్చుని చేతులు జోడించి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ పూట అన్నం పెట్టినందుకు నీకు వందనాలు. లేనివాళ్లకి కూడా పెట్టు తండ్రీ..." ఆ తర్వాతది మరిచిపోయింది. అలవాటు కొద్దీ "గోవిందా" అంది. నేను ఓరకంట చూశాను. చిట్టి తల వంచుకుని అలాగే కూర్చుంది, ఒక్క చెవి మాత్రం కదిపింది. మామ్మ గుర్తు తెచ్చుకుని, గట్టిగా, "ఆమెన్" అంది.

చిట్టి తిన్న తినడానికి మూకుడు నేల మీద జారుకుంటూ పోయి గోడకి తగిలింది. మామ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను కాలవ రేవుకి పరుగెత్తి, తింటోందని చెప్పమని పడవవాడితో అన్నాను.

ఆ రోజు నుంచి రెండు పూటలా పాకలో ప్రార్థన జరిగింది. ఒకనాడు తాతయ్య లోపలికి వచ్చేసరికి చిట్టి అన్నం తింటోంది. "చూశావా? కడుపు మాడితే దారికొస్తుందనలా?" అన్నాడు సంతోషంగా. మామ్మ నా వంక చూసి, "అవునండీ" అంది. తర్వాత నాతో, అడిగితే చెప్పరా, అడక్కపోతే ఊరుకో అంది. ఎవరూ అడగలేదు. అలా పుట్టింది ఆ కథ.

పంతులమ్మ గారు సగం మనిషై తిరిగొచ్చారు. అరుగు కింద నిలబడి, ఇది మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు కదండీ అన్నారు. "మీ చిట్టి ఎంతో పద్ధతి గల పిల్లమ్మా" అంది మామ్మ. అప్పటికే ముసలావిడ చెప్పి ఉంటుంది. పంతులమ్మ గారు కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని, చిట్టిని చంకనేసుకుని వెళ్లిపోయారు.

నేను తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేసే రోజుల్లో మా అమ్మ పోయింది. ఆ నెలలో మా చిన్నమ్మాయి అన్నం సరిగా ముట్టేది కాదు. కంచం ముందు కూర్చునేది, ఊరికే ఉండేది. నాకు విసుగొచ్చింది. "చిట్టి వైద్యమే దీనికి మందు" అని కంచం తీయించేశాను. అప్పుడు ఆ పిల్ల నా మొహం వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మొదటి ముద్ద రోజూ మా అమ్మ కలిపి దాని చేతిలో పెట్టేదని తర్వాత నా భార్య చెప్పింది. నిజం తెలిసినవాణ్ణి నేను, అబద్ధాన్ని నా బిడ్డ మీద ప్రయోగించాను.

అందుకే ఇది రాశాను. మా వాళ్లు ఇకనుంచి చిట్టి కథ చెబితే మామ్మ కథగా చెప్పాలి, అందులో పేట ఉండాలి, చాప అల్లే ముసలావిడ ఉండాలి. నా మటుకు నేను, మా ఇంట్లో ఎవరైనా అన్నం ముందు ఊరికే కూర్చుంటే పక్కన పీట వాల్చుకుంటాను. మొన్న మనవరాలితోనూ అదే మాట అన్నాను. దేనికోసం చూస్తున్నావే తల్లీ?