మైనం పూలు, గంజి పూలు

నిన్న పని మీద ఆదోనికి పోయి, బజారులో రంగు కాగితాల అంగడి ముందు ఆగాను. తెల్ల కాగితం అడిగితే అంగడాయన చుట్టి ఇస్తూ, "అంతా తెల్లదే తీసుకుంటాండావు, పెండ్లికి కాదామ్మా?" అన్నాడు. ఈస్టర్‌కు పూలు చేయాలని చెప్పాను. "ప్లాస్టిక్‌వి ఉండాయి కదా. కడిగి పెట్టుకుంటే ఏండ్లకేండ్లు వస్తాయి" అని పైన వేలాడే గుత్తులు చూపించాడు. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఈ మాటే మా మరిది ఒక ఏడు మా అత్తతో అన్నాడు. ఎమ్మిగనూరు బస్సులో కాగితం చుట్ట ఒళ్లో పెట్టుకుని, దారంతా ఆ ఏటి పండుగనే తలుచుకుంటూ వచ్చాను.

మా సంఘంలో ఈస్టర్ ఆరాధనకు వేదిక పక్కన పూల కొమ్మ నిలబెట్టడం పాత అలవాటు. మా వైపు ఎండలు ముదిరేది కూడా ఆ పండుగకే. పొద్దున పెట్టిన మల్లెలు ప్రసంగం ముగిసేలోగా వాడి తల వాల్చేస్తాయి. అందుకని పత్తి తీసేసిన చేలోంచి బాగా కొమ్మలు వేసిన కట్టెను పీకి తెచ్చి, సున్నం పూసి, దానికి కాగితం పూలు కట్టేవాళ్లు. దేవుని సన్నిధిలో ఎండు కర్ర చిగిర్చి పూసిన సంగతి ఆదివారబడిలో విన్నదాన్నే కాబట్టి, పెండ్లయి ఈ ఊరికి వచ్చిన మొదటి ఈస్టర్ నాడు ఆ కొమ్మను చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆ పూలు చేసేది మా అత్తే. కాగితాన్ని మడత మీద మడత వేసి ఒక్క కోతలో రేకులన్నీ తీసేది. దబ్బనానికి చుట్టి అంచులు వంచేది. బొటనవేలితో నడుమ నొక్కితే రేకు దోసిలిలాగా గుంటపడేది. పని జరిగినంతసేపూ కీర్తనలు పాడేది. కత్తెర యాడ పెట్టినానని మధ్యమధ్యలో పాట ఆపి అడిగేది. ఎక్కువసార్లు అది ఆమె కూర్చున్న చాప కిందే దొరికేది.

మామ పోయిన తర్వాత ఆమె బయటికి రావడం తగ్గించింది. సంఘంలో ఆమె చేతికంటూ మిగిలిన పని ఆ కొమ్మ ఒక్కటే. ఇంతలో కంట్లో పొర వచ్చింది. అంతకుముందు ఏడు రేకులు కొన్ని వంకరపోయాయని ఎవరో అన్నారట. మా మరిది అప్పుడు సంఘం కార్యదర్శి. పండుగ ఇంకా నెల ఉందనగా వచ్చి కూర్చుని, "మా, ఈసారి ఆదోని నుంచి ప్లాస్టిక్ పూలు తెప్పిస్తాము. కడిగి పెట్టుకుంటే ఏండ్లకేండ్లు వస్తాయి. నీకెందుకు శ్రమ?" అన్నాడు.

"నా కన్ను పోయిందని సెప్పు. శ్రమ అని తిప్పి తిప్పి సెప్తావెందుకు?"

"అట్ల కాదుమా."

"పూలు చేసేది వేళ్లు. వాటికేం పొర రాలేదు పో."

విషయం అయ్యగారి దాకా పోయింది. మా పాస్టరు నెమ్మదస్తుడు. ఈ ఏడు అమ్మ చేసినవే పెడదాం, బాగుంటే ఇట్లాగే సాగిద్దాం, లేకుంటే కొనుక్కొద్దాం అని తేల్చారు. అత్త దాన్ని గౌరవంగానే తీసుకుంది కానీ, ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఎప్పటిలాంటి పూలు చాలవని ఆమెకు తోచింది. క్రిస్మస్ ఆరాధనలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలను ఆమె డబ్బాలో దాచేది. డిసెంబరులో గుమ్మానికి కట్టే పూలను ఆ మైనం కరిగించి ముంచితే గాజు పూలలా మెరిసేవి. ఈస్టర్ పూలకూ అదే చేద్దామంది. నాకూ బాగుందనిపించింది. గురువారం పొద్దునకల్లా కొమ్మ సిద్ధం. నిగనిగలాడుతూ, నిజం చెప్పాలంటే, అంత అందమైన కొమ్మను నేను అంతవరకు చూడలేదు.

మాది బండల మిద్దె. మధ్యాహ్నానికి బండలు పెనంలా కాలి, ఆ వేడంతా నడింట్లోకి దిగింది. మేము తిని కాసేపు నడుము వాల్చి లేచేసరికి పూలన్నీ తల వేలాడేసి ఉన్నాయి. మైనం చుక్కలు చుక్కలుగా నేలమీద పడింది. సరిగ్గా అప్పుడే మరిది లోపలికి వచ్చాడు.

"వదినా, ఇవి పూలా, వాడిపోయిన వంకాయలా?"

అత్త లేచి వచ్చి కొమ్మను చేత్తో తడిమింది. ఒక్కో పువ్వునూ పట్టుకుని, వేళ్లు ఆనించి, వదిలింది. ఆమె ముఖం చూసి మరిది నవ్వు ఆపేశాడు. తర్వాత వాడివైపు తిరిగి అంది:

"రేపు ఏం దినం?"

"మంచి శుక్రవారం కదమా."

"సిలువ నాడు పన్నెండు నుంచి మూడు దాకా లోకమంతా చీకటి కమ్మినప్పుడు పూలు తలెత్తుకుని నిలబడతాయా? ఇవి రేపటికి పెట్టు."

"మరి ఆదివారానికి?"

"దానికేంరా. మూడో దినం దాకా టైముంది."

మరిది కొమ్మను గుడికి మోసుకుపోయాడు. శుక్రవారం ధ్యానంలో అది సిలువ కింద తల వాల్చుకుని నిలబడితే, అయ్యగారు ప్రసంగం మధ్యలో దానివైపు చేయి చాపి చూపించారు.

శనివారం పొద్దునే పక్కింటి మగ్గం వాళ్ల కోడలు గిన్నెతో గంజి తెచ్చింది. పడుగు నూలు బిగియడానికి పెట్టే గంజి. "పెద్దమ్మా, మైనానికి ఎండ పగ. దీనికి ఎండే స్నేహం. పలుచగా తుడిచి మిద్దె మీద పెట్టు, తెల్ల కాగితమైతే రంగు కారే పని కూడా లేదు" అంది. విషయం తెలిసి స్త్రీల సమాజం వాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. అత్త కోస్తుంటే మేము వంచాము, తుడిచాము, ఎండబెట్టాము. గురువారం పూలను కరిగించిన ఎండే వీటిని పెళపెళలాడేలా బిగించింది. మరిది కూడా వచ్చి తీగలు తుంచుతూ కూర్చున్నాడు. వాడు కట్టిన పువ్వు ఊడిపోతే, "కార్యదర్శి చేసిన పని ఇట్లనే ఉంటుంది" అని అత్త అంది. అందరికంటే గట్టిగా నవ్వింది వాడే.

ఆదివారం తెల్లవారుజామున ఆ తెల్ల కొమ్మ పక్కన నిలబడి పాడాము. ఆరాధన అయ్యాక అయ్యగారు అత్త దగ్గరికి వచ్చి, "అమ్మా, వచ్చే ఏడు రెండు కొమ్మలు కావాలి. శుక్రవారానికొకటి, ఆదివారానికొకటి" అన్నారు. ప్లాస్టిక్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత అత్తకు కంటి ఆపరేషన్ అయింది. ఇప్పుడు చూపు బాగుంది, నా రేకుల్లో వంకలు కూడా బాగా కనిపిస్తున్నాయి.

శుక్రవారం గురించి, ఆదివారం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు. నడుమనున్న ఆ శనివారం గురించి మాత్రం లేఖనం కూడా ఎక్కువ చెప్పదు. నా ఆయుష్షులో ఎక్కువ భాగం అలాంటి శనివారాల్లోనే గడిచిందని ఈ వయసులో తెలుస్తోంది. రావలసిన ఉదయం వస్తుందన్న నమ్మకంతో, నలుగురితో కూర్చుని చేతిపని చేసుకుంటూ గడిపితే, ఆ కాలం ఎంత పొడుగైనా బరువనిపించలేదు.